సీనుగాడి రైలు లైను

నిన్న మా ఊరి స్టేషన్ దగ్గర నిలబడితే ఒళ్లు మండింది. స్టేషన్ ఎత్తేశారు, ప్యాసింజరు ఆగదు. సిమెంటు గూడ్సు మాత్రం ఇళ్లమీద దుమ్ము కొట్టి పోతోంది.

చిన్నప్పుడు తాడిపత్రి కంప్యూటర్ సెంటర్లో మనమాడిన రైలు ఆట గుర్తుందా, నేస్తం? చెప్పులు బయట విడిచి, వేడెక్కిన మానిటర్ వాసన పీలుస్తూ కూర్చునేవాళ్లం. నేను ప్రతి పల్లెకూ పట్టాలు వేసి దివాలా తీసేవాణ్ణి. మన సీనుగాడు గనికీ ఫ్యాక్టరీకీ మధ్య ఒకే లైను వేసి, సరుకు మోసిన డబ్బుతో గెలిచేవాడు.

ఒకసారి ఆటలో నా స్టేషన్‌కు మా ఊరి పేరు పెట్టుకున్నాను.

"ఆడ సరుకేముండాదప్పా? ఎత్తేయ్" అన్నాడు సీనుగాడు.

"మా అవ్వ ఆస్పత్రికి ఎట్ల పోతాది?" అన్నాను.

"అవ్వను ఎక్కించుకుంటే గెలవవు."

వాడికప్పుడు పన్నెండేళ్లు, అది ఆట. నిజం స్టేషన్‌ను ఎత్తేసినవాళ్లకు ఏం రోగం?