నడుము పైకెత్తిన దూలాలు

మా వీధి చివరి బడికి పై అంతస్తు వేస్తున్నారు, దాని లెక్కలు కట్టింది మా ఎదురింటి అమ్మాయి. ఆ సంగతి తెలిశాక నేను ఊరుకుంటానా? చదివింది అయిదో తరగతే కానీ, అడగడానికి చదువెందుకు?

ఇనుప దూలాల మీద మడతల రేకు పరిచి, ఆపైన కాంక్రీటు పోస్తారట. రేకు మీంచి దూలానికి గుబ్బ మేకులు అతికిస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక, ఇనుమూ అదీ ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచేవి ఆ మేకులేనట.

తోడికోడళ్ళ చేత ఒకే గంగాళం మోయించినట్టన్నమాట, అన్నాను.

"గట్టిపడేదాకా మాత్రం మోసేది ఒక్క కోడలే, పెద్దమ్మా" అంది నవ్వుతూ. పచ్చి కాంక్రీటు బరువుకు దూలం నడుము కిందికి వంగుతుంది. అందుకే ముందుగానే నడుమును కాస్త పైకి వంచి చేయించింది. బరువు పడ్డాక చదునవుతుందని లెక్క.

ఇన్నేళ్ళూ ఆఫీసులో ఇతరుల లెక్కలకు ప్లాను బొమ్మలు గీసిన పిల్ల. సొంతంగా చేసిన మొదటి పని ఇదే. నేల ఎత్తుపల్లాలుగా వస్తే మళ్ళీ బొమ్మల దగ్గరికే పంపుతానని ఆఫీసు పెద్దాయన ముందే చెప్పాడట.

దూలాలు దిగిన రోజు మేస్త్రీ దారం లాగి చూసి, ఒంకరవి పంపారని గోల పెట్టాడు. తిరగేసి పెడదామన్నాడు.

"తిరగేస్తే పొట్ట కిందికి జారుతుంది మేస్త్రీ గారూ. ఇలాగే ఉండాలి."

"ఇలాగే ఉంటే పిల్లలకు జారుడుబల్ల అవుతుందమ్మా."

కొత్తిమీర కొనే నెపంతో ఎదురు కొట్టు దగ్గర నిలబడ్డ నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, దూలాలు తిప్పనివ్వలేదు.

కాంక్రీటు పోసే రోజు మళ్ళీ పేచీ. అలవాటు కొద్దీ మేస్త్రీ మట్టపు దారం కట్టి, దాని వరకే పోయించబోయాడు. అలాగైతే ఎత్తుగా ఉన్న నడుమ కాంక్రీటు పలచబడిపోతుంది. ఆ పిల్ల దారం విప్పించి, గీత గీసిన చువ్వ చేత్తో పట్టుకుని, అడుగడుగునా గుచ్చి మందం చూస్తూ పోయించింది. సగం పోసినా గూని అలాగే కనబడుతోంది. మేస్త్రీ చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన ఫోన్ చేస్తే, "పూర్తయ్యాక మాట్లాడతానండీ" అని పెట్టేసి, మళ్ళీ చువ్వ అందుకుంది.

చివరి మూల నిండేసరికి దూలాల నడుములన్నీ కిందికి దిగాయి. మేస్త్రీ తనే దారం లాగి చూశాడు. నడుమ బియ్యపు గింజంత ఎత్తు మిగిలింది. బెంచీలు, పిల్లలు వస్తే అదీ సర్దుకుంటుందంది ఆ పిల్ల.

నేల గట్టిపడ్డాక నేనూ మెట్లెక్కాను. కుట్టుపెట్టెలోని దారపు రీలును నేల నడుమ అడ్డంగా పడుకోబెట్టాను. ఎటూ దొర్లలేదు.

పెద్దాయన ఏమన్నాడే, అని అడిగాను.

"పెద్దమ్మా, దీనిపైన వేసే రెండో అంతస్తు దూలాలకు ఎంత వంపు ఇవ్వాలో రాసిమ్మన్నాడు."