మాట ఆపితే తలెత్తుతారు

ఆదివారం పొద్దున్న మేడమ్ భర్త, అంకుల్, ఫోన్ చేశారు. "మీ మేడమ్ ఇక లేదమ్మా. నిద్రలోనే పోయింది," అన్నారు. ఆయన గొంతు నిలకడగానే ఉంది, నాదే తడబడింది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. గురువారం బోర్డు ముందు మా స్కూలు తరఫున మాట్లాడవలసింది ఆవిడ. ఆవిడ రాలేకపోతే ఎవరన్నది నెల కిందట హాస్పిటల్‌లోనే తేల్చేశారు. "నేను లేకపోతే నువ్వే," అన్నారు. నేను విననట్టు నటించి, ఆపిల్ ముక్కలు కోస్తూ కూర్చున్నాను.

మాది డెట్రాయిట్ పక్కన ఒక చిన్న చార్టర్ స్కూల్. ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తుంది, ఫీజులుండవు. కానీ నడిపే అనుమతి కొన్నేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి. అది ఇచ్చే బోర్డు వద్దంటే జూన్‌లో తలుపులు మూసెయ్యడమే. కార్ల కంపెనీలు కుదేలయ్యాక మా పిల్లల్లో చాలామంది ఇళ్ళు మారారు, స్కూళ్ళు మారారు. అలాంటి చోట మేడమ్ సీనియర్ టీచర్. కొత్త టీచర్లని తయారుచెయ్యడం ఆవిడ పని. ఫార్మింగ్టన్ హిల్స్‌లో సొంతిల్లు, రిటైరైన ఇంజనీరు భర్త, సెటిలైన పిల్లలు. హాయిగా ఇంట్లో కూర్చోవలసిన వయసులో పిల్లలకి భిన్నాలు చెప్పడానికి మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చేవారు. స్కూల్లో అందరూ ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచేవారు. నాకు నోరు రాలేదు. నేను మేడమ్ అంటుంటే విని విని మా బస్ డ్రైవర్ కూడా మేడమ్ అనడం మొదలుపెట్టాడు.

శుక్రవారం పిల్లల్ని తొందరగా పంపేసి మాకు ట్రెయినింగ్ పెట్టేవారు. ఇంకోచోట అయితే ఎవరో కన్సల్టెంట్ వచ్చి స్లైడ్లు చూపిస్తాడు, మనం వెనక వరసలో పేపర్లు దిద్దుకుంటాం. మేడమ్ దగ్గర ఆ ఆటలు సాగవు. లైబ్రరీలో చిన్నపిల్లలు కూర్చునే పసుపు కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా అందులో కూర్చుని, "ఇవాళ నేను నాలుగో క్లాసు పిల్లని. నాకేం అర్థం కాదు. ఊఁ, చెప్పండి," అనేవారు. పెన్సిల్ కొరికేవారు. కిటికీలోంచి బయటికి చూసేవారు. ఎంత బాగా చెప్పినా "వై?" అనేవారు. మొదటి శుక్రవారం నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావ్?" అన్నారు పార్కింగ్ లాట్‌లో. "సోమవారం ఆ పిల్ల నిజంగా అడిగితే అప్పుడూ ఇలాగే పెడతావా?" అని, బ్యాగులోంచి చేగోడీల పొట్లం తీసి నా చేతిలో పెట్టారు.

పాఠం చెప్పేసి ఇంటికి పోతే టీచరు పని అయిపోయినట్టు కాదనేవారు. "మన పని గురించి మనం చెప్పుకోకపోతే ఇంకెవరో చెప్తారు. వాళ్ళకి తెలీక తప్పు చెప్తారు." అలా ఒక ఏడాది మమ్మల్ని వ్యాన్ ఎక్కించి మా రాష్ట్ర రాజధాని లాన్సింగ్ తీసుకెళ్ళారు, మా ప్రాంతపు శాసనసభ్యుణ్ణి కలవడానికి. ఆవిడకీ అదే మొదటిసారి. చేతిలో డబ్బా నిండా సున్నుండలు. ఒకరి దగ్గరికి ఖాళీ చేతులతో ఎలా వెళ్తామని ఆవిడ ఉద్దేశం. ఆ ఆఫీసులో అమ్మాయి డబ్బా చూసి ఒక అడుగు వెనక్కి జరిగింది. "సారీ, వీ కాంట్ యాక్సెప్ట్ గిఫ్ట్స్," అంది. ఇది పెద్ద గొడవై స్కూలు మీదికి వస్తుందేమోనని నాకు ఒకటే కంగారు. మేడమ్ మాత్రం తొణక్కుండా మూత తీసి, ఒకటి నోట్లో వేసుకుని, మాకు తలొకటి పంచి, "దీజ్ ఆర్ ఫర్ మై టీచర్స్," అన్నారు. చీర మీద పడ్డ పొడి దులుపుకుంటూ లోపలికి నడిచారు.

లోపల నా వంతు వచ్చేసరికి ఆ సభ్యుడు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను గబగబా నాలుగు ముక్కలు అప్పజెప్పి, థాంక్యూ సర్ అని కూర్చున్నాను.

"ఎందుకలా పరిగెత్తావ్?" అని వ్యాన్‌లో అడిగారు.

"ఆయనకి విసుగొస్తోంది కదండీ. తొందరగా ముగించేద్దామని."

"మన ఇళ్ళల్లో మనకి అదే నేర్పారు. పెద్దవాళ్ళు విసుక్కుంటే పక్కకి తప్పుకోవాలి. నాకూ అదే నేర్పారు. కానీ ఇక్కడ తప్పుకుంటే స్కూల్ పోతుందమ్మా. ఈసారి మాట ఆపు. ఊరికే నిలబడు. వాళ్ళే తలెత్తుతారు."

అప్పట్నుంచి ఆ పసుపు కుర్చీలో నాలుగో క్లాసు పిల్లతోపాటు ఒక బోర్డు మెంబరు కూడా కూర్చోవడం మొదలైంది. మేడమే ఆ మెంబరై ఫోన్‌లోకి తల దించేసేవారు. నేను మాట ఆపాలి. ఆపేదాన్ని, కానీ ఆ నిశ్శబ్దం భరించలేక "సారీ అండీ" అని నోరు జారేది. "మళ్ళీ," అనేవారు తలెత్తకుండానే. ఎన్ని శుక్రవారాలు గడిచినా ఆవిడ తల నా కోసం లేవలేదు. చివరికి ఆవిడ హాస్పిటల్‌లో చేరారు.

గురువారం రానే వచ్చింది. మైక్ ముందు నిలబడి మా క్లాసులో ఒక పాప గురించి మొదలుపెట్టాను. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, ఊరు మారి మా దగ్గరికి వచ్చిన పిల్ల. మధ్యలో కూర్చున్న మెంబరు ఫోన్‌లోకి తల దించాడు. నాకు మాట వేగం పెరిగింది. మేడమ్ గుర్తొచ్చారు. ఆపేశాను.

గదిలో ఎవరో దగ్గారు. నేను మర్చిపోయాననుకుని మా ప్రిన్సిపాల్ ముందుకి వంగారు. సారీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకాసేపు చూశాను. అతను తలెత్తాడు.

"షీ హాజ్ ఆల్రెడీ లాస్ట్ త్రీ స్కూల్స్," అన్నాను అతని కళ్ళలోకి చూస్తూ. "ప్లీజ్ డోంట్ ఆస్క్ మీ టు టెల్ హర్ అబౌట్ ద ఫోర్త్."

అనుమతి వచ్చింది. అడిగినంత కాలానికి కాదు. త్వరలోనే మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలి, మళ్ళీ ఇదే భయం. ఆ మాట చెబుదామని కార్లో కూర్చుని ఫోన్ తీసి మేడమ్ నంబరు నొక్కబోయాను. అప్పుడొచ్చింది ఏడుపు.

మర్నాడు శుక్రవారం. లైబ్రరీలో అందరం చేరాం కానీ పసుపు కుర్చీ జోలికి ఎవరూ పోలేదు. కొత్తగా చేరిన సైన్స్ టీచర్, డిగ్రీ నిన్నగాక మొన్న అయిన అమ్మాయి, వచ్చేసారి బోర్డు ముందు తనూ మాట్లాడతానని కాగితం పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆ అమ్మాయి మొదలుపెట్టగానే ఫోన్ తీసి తల దించేశాను. ఆమె మాటల వేగం పెరిగింది. నేను తలెత్తలేదు, తను మాట ఆపేదాకా అలాగే కూర్చున్నాను.