నిద్ర గడిలో టిక్కు

స్పిరిట్‌లో ముంచిన దూదితో నుదురు రుద్దితే ఒక చల్లని ఘాటు వాసన వస్తుంది. ఈ పొద్దున మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక ముసలాయన నుదురు అట్లా రుద్దుతూ, "మంటయితుందా తాతా?" అని అడిగింది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు సులోచన మేడమ్ గుర్తొచ్చారు. ఆ వాసన నేను రోజూ పీల్చేదే. కానీ పని ఆపి, మనిషి ముఖంలోకి చూసి అడిగే ఆ తీరు అచ్చంగా మేడమ్‌ది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను, ఈ అమ్మాయి నా దగ్గర నేర్చుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

డాక్టర్ సులోచన సంగారెడ్డి దగ్గర ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ ప్రొఫెసర్. సదాశివపేటలో కిరాణా దుకాణం నడిపిన ఇంటి ఆడపిల్ల. మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడు గదుల అవతలికి వినిపించేది. నేను టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి ఆమె దగ్గర పనికి చేరేనాటికి, కిడ్నీలు చెడి ఏళ్ల తరబడి డయాలసిస్ మీద బతికేవాళ్ల మెదడు నెమ్మదిస్తుందా అని ఆమె పరిశోధన మొదలుపెట్టారు. తలకు వైర్లు అతికించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెడతాం. ఒకే రకం చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి సన్నటి వేరే చప్పుడు వస్తుంది. అది వినగానే బటన్ నొక్కాలి. ఆ తేడాను మెదడు ఎంతసేపట్లో పట్టుకుందో కంప్యూటర్ మీద గీతల్లో కనబడుతుంది. పని అంతే, చెప్పుకోవడానికి సులువుగానే ఉంటుంది.

కాజీపల్లి నుంచి మానెమ్మ అని ఒకావిడ వచ్చేది. డయాలసిస్ మొదలై నాలుగేళ్లయింది. తలకు వైర్లు పెడుతుంటే ఒకరోజు ఏడ్చేసింది. "తల మొద్దువారింది బిడ్డా. పొయ్యి మీద ఏం పెట్టిన్నో యాదికుంటలేదు. ఎవరన్న మాట్లాడితే జల్దీ సమజైతలేదు. నా కొడుకేమో, పని ఎగ్గొట్టనీకె నటిస్తున్నవ్ అంటడు" అంది. మేడమ్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. "నువ్వు చెప్పేది నిజమో కాదో సూద్దామమ్మా. నిజమైతే నీ కొడుక్కు నేనే చెప్త" అన్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు "అదంతా మీ ఊహ" అని పంపేసిన మనిషికి ఆ ఒక్క మాటే కొండంత ధైర్యం అయింది.

రోగులతో పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా కావాలి. వయసు, చదువు, ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండాలి. ఆ బాధ్యత మేడమ్ నాకు అప్పగించేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు. మాది గుమ్మడిదల దగ్గర పల్లె. మా నాయిన ఒకవైపు వ్యవసాయం చేసుకుంటూ గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో పని చేసేవాడు. ఆయనతో చెబితే, "గిదానికి పరేషాన్ ఎందుకు? మావోళ్లను నేను తోల్కొస్త" అన్నాడు. అన్నట్టే తెచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా, టిఫిన్ డబ్బాలు చేతుల్లో పట్టుకుని ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చేవాళ్లు. వాళ్లకు దొరికే తీరిక అదొక్కటే.

ఫారంలో ఒక గడి ఉండేది: రాత్రి సరిపడా నిద్రపోయారా అని. "లేదు" అయితే పరీక్ష చేయకుండా వెనక్కి పంపాలి. మా నాయిన మాట మీద అంతదూరం వచ్చిన పెద్దవాళ్లను ఏ ముఖం పెట్టుకుని పొమ్మంటాను? అడిగితే వాళ్లు, "మాకు గిదేం కొత్త బిడ్డా? కానియ్యి" అనేవాళ్లు. నేను అందరికీ "అవును" దగ్గర టిక్కు పెట్టాను. నాయినకు కూడా పెట్టాను. మర్యాద చేస్తున్నాననే అనుకున్నాను.

ఆర్నెల్లకు లెక్కతీస్తే రోగులకూ ఆరోగ్యవంతులకూ ఏ తేడా లేదని తేలింది. తోటి ప్రొఫెసర్లు "మేం ముందే చెప్పాం గదా" అన్నారు. మేడమ్ ఒక్కొక్క రికార్డు తెరిచి మొదటి గీత నుంచి చూడటం మొదలుపెట్టారు. వారం తర్వాత నన్ను పిలిచారు.

"గిట్ల రా స్వరూపా. ఈ గీత సూడు. కండ్లు మెల్లగ తేలిపోతున్నయి. ఈ మనిషి మధ్యమధ్యల నిద్రలకు జారిండు. ఎవరీయన?"

నంబరు చూడగానే గుర్తుపట్టాను. "మా నాయిన, మేడమ్."

"ఆ పొద్దు యాడికెళ్లి వచ్చిండు?"

"రాత్రి డ్యూటీ దిగి వచ్చిండు."

"గిట్ల ఇంకెంతమంది?"

"అందరూ, మేడమ్."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "మానెమ్మ నటిస్తుందని ఆమె కొడుకు అన్నడు. ఇప్పుడు మనం సంతకాలు పెట్టి అదే మాట అనబోయినం" అన్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆ మాట ముందు చిన్నదైపోయింది. నేను ఏడుస్తుంటే ఆమె, "సరే, ఏడ్సుడు అయినంక మీ నాయినోళ్లకు వారం సెలవు ఏ రోజో కనుక్కో" అన్నారు.

ఆ ఆదివారం షేర్ ఆటోలో నాతోపాటు మా ఊరొచ్చారు. మా ఇంటి ముందర నిలబడి, చేరిన కార్మికులందరితో, "మీరు ఇచ్చిన పరీక్ష పనికిరాకుండ పోయింది. తప్పు మీది కాదు, మాది. సెలవు ముందు రోజు రాత్రి మంచిగ పండుకొని, ఇంకొక్కసారి రాండ్రి" అని అడిగారు. నా పేరు ఎత్తలేదు. ఒక ప్రొఫెసరమ్మ తమ ముందు నిలబడి తప్పు ఒప్పుకోవడం వాళ్లెవరూ చూసి ఉండరు. మా నాయిన ముందుగా తేరుకుని, "పండుకొని రమ్మని పిలిచే ఆఫీసరమ్మను ఇప్పుడే సూస్తున్న" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకరిద్దరు తప్ప అందరూ మళ్లీ వచ్చారు.

నిద్రపోయి వచ్చిన అదే మనుషులు ఎంత చురుగ్గా బటన్ నొక్కారో! వాళ్ల పక్కన పెట్టి చూస్తే రోగుల మెదడు నెమ్మదించిన సంగతి తేటతెల్లంగా కనబడింది. మేడమ్ మానెమ్మ కొడుకును పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి గీతలు చూపించారు. "మీ అమ్మ నటిస్తలేదయ్యా. నువ్వన్న మాట ఆమె మెదడుకు అందేసరికి జెర ఎక్కువసేపు పడుతుంది. రోగం చేస్తున్న పని అది. ఒక మాట రెండుసార్లు చెప్పు, నీ సొమ్మేం పోదు" అన్నారు. అతను తల దించుకున్నాడు. మానెమ్మ మాత్రం తల ఎత్తి, "ఇనవడ్డదా కొడుకా?" అంది. ఆ గొంతు విన్న రోజున నేను చేసే పని ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది.

పరిశోధనా పత్రంలో మేడమ్ నా పేరు కూడా వేశారు. దాంతోపాటు, నిద్ర వివరాలు తప్పుగా నమోదు చేసినందువల్ల మొదటి రికార్డులు వదిలేశామని, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆరోగ్యవంతులు కూడా రోగులంత నెమ్మదిగా ఉన్నారని రాశారు. తప్పు సంగతి తీసేయమని బతిమాలాను. "తీసేస్త. అప్పుడు నీ పేరు గూడ తీసెయ్యాలె. నువ్వు చేసిన పనిల అదిగూడ ఉన్నది" అన్నారు. రెండూ ఉంచమన్నాను.

ఆ పత్రాన్ని మా నాయినకు తెలుగులో చదివి వినిపించాను. నా పేరు దగ్గర ఆయన మీసం దువ్వుకున్నాడు. డ్యూటీల మాట వచ్చేసరికి మళ్లీ చదవమన్నాడు. "మా నిద్ర సంగతి గూడ కాగితం మీదికి ఎక్కిందా?" అన్నాడు.

మేడమ్ రిటైరై సదాశివపేటలో ఉంటున్నారు. నాయిన కంపెనీ మానేసి ఒక గోదాముకు రాత్రి కాపలా ఉంటున్నాడు. తల తిరుగుతోందని పోయిన నెల పొద్దున్నే నా ల్యాబుకే వచ్చాడు. "రాత్రి పండుకున్నవా నాయినా?" అని అడిగాను. లేదని చెప్పాడు. "లేదు" అనే రాసి, డాక్టరుకు చూపించి, పండుకుని రేపు రమ్మని పంపేశాను. పోతూ పోతూ వరండాలో కూర్చున్నవాళ్లకు వినబడేటట్టు, "మా బిడ్డ. కన్న తండ్రి అని గూడ సూడది" అన్నాడు.