గడపలో నిలబడిన అవ్వ

పుంగనూరులో మేము బాడుగకున్న ఇంటి పక్కన ఒక ముస్లిం అవ్వ ఒంటరిగా ఉండేది. జాకెట్లు కుట్టి బతికేది. ఒక్కడే కొడుకు, కుప్పంలో గ్రానైట్ పనిలో ఉండేవాడు. నా భర్త తాగి నన్ను కొట్టిన రోజుల్లో ఆమే వచ్చి నా కూతుర్ని తీసుకుపోయి అన్నం పెట్టేది.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం, ఇక పుట్టింటికి పోదామని నేను బట్టలు సర్దుకుంటుంటే, నా భర్త మచ్చుకత్తి పట్టుకుని వచ్చాడు. పాపను చంకనేసుకుని అవ్వ ఇంట్లోకి పరిగెత్తాను. ఆమె నమాజుకు చాప పరుచుకుంటోంది. ఏమైందని కూడా అడగలేదు. మమ్మల్ని లోపలి గదిలోకి తోసింది. తను పోయి గడపలో నిలబడింది.

"పక్కకు జరుగవ్వా. ఇది మా సంసారం."

"నా ఇంట్లోకొచ్చింది కదప్పా. దేవుడు నన్ను నమ్మి పంపినాడు. రేపు ఆయనడిగితే నేనేం చెప్పల్ల?"

"నిన్ను గూడా నరుకుతా."

"నన్నేమన్నా చెయ్యి. ఆ తల్లీబిడ్డల్ని మాత్రం ఇయ్యను. కత్తి కింద పెట్టప్పా, నువ్వూ నా కొడుకు మాదిరే."

తర్వాత వేటు పడిన చప్పుడు విన్నాను. వీధిలోవాళ్లు అతన్ని పట్టుకునేసరికి అవ్వ రక్తంలో కూర్చుని, రెండు చేతులా ద్వారబంధాన్ని పట్టుకునే ఉంది.

అంబులెన్సులో మదనపల్లెకు తీసుకుపోతుంటే నీళ్లు తాగించబోయాను. మొహం తిప్పుకుంది.

"ఇంకా పొద్దు మునగలేదు కదమ్మా. పాప యాడుండాది? బెదిరిందా?"

నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాటలవి. తెల్లవారకముందే పోయింది.

కుప్పం నుంచి కొడుకు వచ్చాడు. ఆసుపత్రి వరండాలో అతని కాళ్ల మీద పడ్డాను. "నేను రాకపోయుంటే అవ్వ బతికుండేదన్నా" అన్నాను.

అతను నన్ను లేపాడు. "అట్లనొద్దమ్మా. ఎవురొచ్చినా మాయమ్మ ఆడే నిలబడుంటాది. నాకు తెల్సు" అన్నాడు. అని, గోడకు ఆనుకుని కింద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత అతనే మాకు కుప్పంలో ఇల్లు చూసిపెట్టాడు. కుట్టుపని నేర్చుకున్నాను. మదనపల్లె కోర్టులో చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. నా భర్తకు శిక్ష పడింది. న్యాయం జరిగిందని అందరూ అన్నారు. కుప్పం బస్సెక్కి, దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉన్నాను.