రసం వైపు కొంచెం

నా చిన్నప్పుడు మా తోటలో ట్రాక్టరుని ట్రాలీతో సహా వెనక్కి నడపడం వచ్చిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆ వేసవి ఉదయం చెట్టు మీంచి పడింది కూడా ఆయనే.

ఆయన మా ట్రాక్టరు డ్రైవరు. నేను డ్రైవర్ బాబాయ్ అనేదాన్ని. మాది నూజివీడు దగ్గర, ముసునూరు వైపు మామిడితోట. కాయ కోస్తుంటే చిక్కం, అంటే గెడకి కట్టిన వల, పైకొమ్మల్లో ఇరుక్కుంది. కూలీలు ఎంత లాగినా రాకపోతే, "మీ వల్ల కాదు గానీ జరగండి" అని బాబాయ్ చెట్టెక్కారు. చిక్కం భద్రంగా కిందికి దిగింది. ఆయన దిగలేదు, పడ్డారు. మోకాలి కింద ఇంకో మోకాలు మొలిచినట్టు కాలు వంగిపోయింది.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే తారురోడ్డు దాకా వస్తాం, తోటలోకి రాలేం అన్నారు. రోడ్డు రెండు ఫర్లాంగుల దూరం. మంచం మీద మోసుకెళ్దామని నలుగురు ఎత్తారు. ఆ నలుగురూ నాలుగు ఎత్తుల్లో ఉన్నారు. రెండడుగులు వేసేసరికి ఆయన పెట్టిన కేకకి మళ్ళీ దింపేశారు. ఇక మిగిలింది కాయల కోసం తెచ్చిన ట్రాక్టరే. ట్రాలీలో వరిగడ్డి మందంగా పరిచి ఆయన్ని పడుకోబెట్టారు.

చిక్కేమిటంటే, ముందుకెళ్ళి తిప్పుకొచ్చే వీల్లేదు. అవతలి కొసన బోరు పైపుల కోసం కాలవ తవ్వి ఉంది. రోడ్డు దాకా రివర్సులోనే పోవాలి. దారికి అటూ ఇటూ కాపు బరువుకి వంగిపోయిన కొమ్మలు, వాటి కింద ఊతకర్రలు. ట్రాలీ ఒక్క కర్రకి తగిలినా కొమ్మ విరిగి, కాయలతో సహా సరిగ్గా ఆయన మీదే పడుతుంది.

మా పెదనాన్న కండువా దులిపి, "నేను తోల్తా" అన్నారు. పెదనాన్న ట్రాక్టరెక్కితే మా ఊళ్ళో కోళ్ళు అరుగులెక్కేవి. బాబాయ్ కళ్ళు తెరవకుండానే, "మీరొద్దండీ. ఇంకో కాలు మిగిలే ఉందండీ" అన్నారు.

అప్పుడు మా పెద్దమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని సీటెక్కింది. వరి దమ్ములో ట్రాక్టరు ముందుకు నడిపిన అలవాటే తప్ప, ట్రాలీతో వెనక్కి ఎప్పుడూ పోలేదు. వెనక్కి వెళ్ళే ట్రాలీ పెళ్ళిలో అలిగిన మేనమామ లాంటిది, ఎటు రమ్మంటే దానికి ఎదురుదిక్కున పోతుంది. పెద్దమ్మ స్టీరింగు ఇలా తిప్పగానే అది అలా వంకర తిరిగింది. కూలీలంతా హాహాకారాలు చేశారు, అందువల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

"స్టీరింగుని పైన పట్టుకోకండమ్మా, అడుగున పట్టుకోండి. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. అంతే" అన్నారు బాబాయ్.

ఇంజను మోతలో ఆయన గొంతు ముందుకి చేరడం లేదు. అందుకని నన్ను ఆయన తల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన చెప్పింది నేను అరవాలి. ఆయన ఎడమా పెద్దమ్మ ఎడమా కలవకపోయేసరికి దానికీ ఆయనే దారి చూపారు. ఒక పక్క వరసంతా చిన్నరసాలు, రెండో పక్క బంగినపల్లి. "రసం వైపు కొంచెం" అనేవారు. "పెద్దమ్మా, రసం వైపు కొంచెం!" అని నేను అరిచేదాన్ని.

పడుకుని ఉన్న మనిషికి దారి ఎలా తెలుస్తోందో నాకు అర్థం కాలేదు. అడిగితే పైకి చూడమన్నారు. రెండు వరసల కొమ్మలూ కలవబోయి ఆగిపోయిన చోట సన్నటి ఆకాశం, తలలో పాపిడిలా సాగుతోంది. "అది నా ముక్కు మీద ఉన్నంతసేపూ మనం దారి మధ్యనే ఉన్నట్టు పాపా" అన్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఒక బంగినపల్లి చెప్పడం మర్చిపోయాను. ఆయన మళ్ళీ చెప్పారు.

సగం దారిలో ట్రాలీ బాగా వంకర పోయి, ఊతకర్ర జానెడు దూరంలోకి వచ్చేసింది. పెద్దమ్మ బండి ఆపేసింది. "అటు తిప్పు, ఇటు తిప్పు" అని చుట్టూ పదిమంది, ఒక్కొక్కరిదీ ఒక్కో దిక్కు. బాబాయ్ మాత్రం, "పది అడుగులు ముందుకెళ్ళి, తిన్నగా చేసుకుని మళ్ళీ రండమ్మా. మెల్లగానే రండి, నాకీ పూట వేరే పనేం లేదు" అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి నా మణికట్టు మీద ఉంది. గోళ్ళు దిగిపోతున్నాయి. నొప్పంతా నా చేతిలోకి వస్తోంది, గొంతులోకి చుక్క కూడా రావడం లేదు. పెద్దమ్మ ముందుకెళ్ళింది, సర్దుకుంది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అలా మూడుసార్లు. ఒక్క కర్రా కదల్లేదు. ఒక్క కాయా రాలలేదు.

తారురోడ్డు మీద ఆయన్ని అంబులెన్సులోకి ఎక్కించాక పెద్దమ్మ దిగి రోడ్డంచునే కూలబడింది. "నేనైతే ఇంకా తొందరగా తెచ్చేవాణ్ణి" అన్నారు పెదనాన్న. బాబాయ్ కాలు అతుక్కుంది. దసరాకల్లా మళ్ళీ ట్రాక్టరెక్కారు.

ఇప్పుడు నాకూ కారుంది. హైవే మీద కెమెరాకి చిక్కి రెండుసార్లు స్పీడు చలానా కట్టాను. ఫోన్లో ర్యాలీ కార్లు దుమ్ము లేపుకుంటూ మలుపులు తిరగడం చూస్తుంటాను. బాగానే ఉంటాయి. కానీ మనిషి నడక కంటే మెల్లగా వెళ్ళిన ఆ ట్రాక్టరు ముందు అవన్నీ నాకు పిల్లలాటలే. అందరిలోకీ ఎక్కువ తొందర ఉండాల్సిన ఒకే ఒక్క మనిషి, తోలే మనిషిని తొందరపెట్టలేదు.

ఈమధ్య మా చెల్లెలికి కారు నేర్పుతున్నాను. మొన్న రెడ్డిగూడెం సెంటర్లో బండి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు. చెల్లెలు గేరు వెతుక్కుంటూ ఏడుపు మొహంతో నా వంక చూసింది. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి లారీలని ఆగమన్నాను. నా కుడికాలు నా వైపు లేని బ్రేకుని పాదం నొప్పెట్టేలా తొక్కుతూనే ఉంది. నోరు మాత్రం విప్పలేదు.