ఎర్రజెండాల చుట్టూ ముగ్గులు

ఆ రోజుల్లో మా వీధిలో నీళ్ళని రుచి చూసేవాళ్ళే గాని వాసన చూసేవాళ్ళు లేరు. ఆ అలవాటు మా అత్తగారితో మొదలైంది. నేను అప్పుడే కాపురానికి వచ్చాను. ఆత్రేయపురం దగ్గర మా ఊళ్ళో పూతరేకులకి అత్తగారు పెట్టింది పేరు. రేకులో బియ్యప్పిండి కొంచెమే, తక్కినదంతా నీళ్ళే. పిండినీళ్ళలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద పరిచి తీస్తే పొరలా లేస్తుంది. అంత పల్చటి దాంట్లో ఏ వాసనా దాగదు. ఒక వేసవిలో మా బోరు నీళ్ళతో తీసిన రేకులు డీజిలు వాసన కొట్టాయి. ఒక పెళ్ళివారు బుట్టతో సహా తిప్పి పంపేశారు. కాలవ నీళ్ళతో చేసి చూస్తే రేకు ఎర్రబడి విరిగిపోయింది. శ్రావణంలో పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యేలోగా ఈ సంగతి తేలకపోతే పొయ్యి ఆర్పుకోవడమే.

మా పెరటి గోడకి అవతలే పెట్రోలు బంకు. దాని యజమానిని నేను బంకు బాబాయి అనేదాన్ని. అత్తగారు ఒక రేకు పట్టుకెళ్ళి ఆయన ముక్కు దగ్గర పెట్టారు.

"నాకేం వాసన తెలీట్లేదక్కగారూ. మీ ఇంట్లోనే డీజిలు డబ్బా ఒలికిందేమో చూసుకోండి, ఆయ్."

"పొద్దస్తమానం ఆ ట్యాంకుల మీద కూచునే ముక్కు, దానికేం తెలుస్తుంది తమ్ముడూ" అని అత్తగారు వచ్చేశారు.

ఫిర్యాదులూ పంచాయితీలూ అయ్యాక, మట్టి పరీక్షకి ఒక ఇంజినీరమ్మాయి ఇద్దరు పనివాళ్ళతో వచ్చింది. (ఈడులో నాకు అటూ ఇటూగా ఉంటుంది. టోపీ పెట్టుకుని మగవాళ్ళకి పని చెబుతుంటే కళ్ళార్పకుండా చూశాను.) నేల కింద పైపులు ఎటు పోతున్నాయో అడిగి, సాయంత్రానికి బంకులో ట్యాంకుల దగ్గరా, గోడకీ మా బోరుకీ మధ్యా చిన్న ఎర్రజెండాలు పాతింది. పెరటి చివర కొబ్బరిచెట్టు దగ్గర ఇంకొకటి పాతింది. అక్కడి మంచి మట్టితో తక్కిన మట్టిని పోల్చి చూస్తారట. "రేపు పొద్దున్న ఇక్కడ తవ్వుతామండి" అని చెప్పి వెళ్ళింది.

మా ఇంట్లో నేల తవ్వాలంటే ఒక పద్ధతి ఉంది. అత్తగారు చెప్పకుండానే చేసి మెప్పు పొందుదామని నేను తెల్లారగట్లే లేచి, జెండా జెండాకీ పేడనీళ్ళు కల్లాపి చల్లి, ముగ్గేసి, పసుపూ కుంకుమా పెట్టి, ఒక్కో బంతిపువ్వు గుచ్చాను. (జెండాలకి కట్టిన కాగితాల మీద 'ముట్టుకోవద్దు' అని ఉందట. అక్షరాలు నాకు ఎప్పటికో మనవరాలి పలకతో గాని రాలేదు. అప్పటికి అదీ ఒక అలంకారమే అనుకున్నాను.) బంకులో జెండాలకీ మర్యాద తక్కువ చేయలేదు. అక్కడ కర్పూరం వెలిగించబోతుంటే బంకు బాబాయి లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి పళ్ళెం లాక్కున్నాడు.

"ఏం అమ్మాయ్, ఊరంతటికీ కలిపి ఒకేసారి హారతిచ్చేద్దామనా?"

ఇంజినీరమ్మాయి వచ్చి, ముగ్గుల మధ్య ఎగురుతున్న తన జెండాల్ని చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. బాబాయి అదే అదునుగా, "ఇంకేం పరీక్షండి, మట్టంతా ఈవిడే పాడు చేసింది, కాగితం మీద అదే రాసేయండి" అన్నాడు. అత్తగారు నా వైపు చూసిన చూపుకి చేతిలోని బంతిపువ్వులు వాడిపోయాయి. "పొయ్యి ఆర్పడానికి బంకెందుకే, నువ్వు చాలు" అన్నారు.

"కల్లాపిలో ఏం కలిపావు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పేడేనండి."

"కర్పూరం వెలిగిందా?"

"వెలగనివ్వలేదండి."

ఆమె నవ్వాపుకుంటూ, "నీ ముగ్గు పైనే ఉంది, మాకు కావాల్సింది అడుగున" అని, జెండాలు కొంచెం పక్కకి జరిపించి, పైమట్టి గీకించేసింది. పనివాళ్ళు ఇనప మరని చేత్తో తిప్పుతూ నేలలోకి దింపారు. ప్రతి గోతికీ గ్లౌజులు మార్చడం, గరిటె కడగడం, మట్టిని గాజుసీసాలో అంచుదాకా కూరి మూత బిగించి ఐసుపెట్టెలో పెట్టడం. ఖాళీ వదిలితే అందులోకి వాసన ఎగిరిపోతుందట. ఇదంతా చూస్తున్న అత్తగారి మొహం వెలిగింది. "ఓహో, మడి! ముందే చెప్పకూడదుటమ్మా" అని కొంగు దోపారు. ఆవకాయ కలిపేనాడు మమ్మల్ని జాడీల దగ్గరికి రానివ్వకుండా ఎలా నిలబడతారో, అలాగే కర్ర పట్టుకుని ఐసుపెట్టె పక్కన నిలబడ్డారు. బాబాయి తొంగిచూడబోతే, "నువ్వు పెట్రోలు ముట్టుకున్నావు, అక్కడే ఆగు" అన్నారు. పనివాడొకడు తన మోటారుసైకిలు మీద చెయ్యి వేస్తే సబ్బుతో చేతులు కడిగించి గాని వదల్లేదు. చివరికి ఆ ఇంజినీరమ్మాయి కూడా, "పిన్నిగారూ, నేను దగ్గరికి రావచ్చాండీ?" అని అడిగి వచ్చింది.

కొబ్బరిచెట్టు దగ్గర మట్టి మామూలు రంగులోనే వచ్చింది. గోడ పక్క మట్టి మాత్రం నల్లబడి, ఘాటుగా వచ్చింది. బాబాయి వంగి దాన్ని దగ్గరగా చూశాడు. "వాసన నాకు తెలీదు గాని అక్కగారూ, రంగు తెలుస్తోంది" అన్నాడు నెమ్మదిగా. పరీక్షలోనూ అదే తేలింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు అతుకు దగ్గర కారుతోంది. పైపు మార్చారు, పాడైన మట్టి తీయించారు, వీధి అవతలి చివర మాకు కొత్త బోరు వేయించారు. శ్రావణం ఇంకా రాలేదు.

కొత్తనీళ్ళతో తీసిన మొదటి రేకులో నెయ్యీ బెల్లప్పొడీ వేసి మడిచి, అత్తగారు బాబాయి చేతిలోనే పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని తిని, "వాసన లేదక్కగారూ" అన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది గనక" అంటూనే ఇంకొకటి పెట్టారు.

అత్తగారి కుండ మీద ఇప్పుడు నేను రేకులు తీస్తున్నాను. కాగితాలూ చదవగలను. అయినా మొన్న మా వీధిలో కేబులువాళ్ళు పాతిన జెండా మీద 'ముట్టుకోవద్దు' అని కూడబలుక్కుని చదివి, అటూ ఇటూ చూసి, దానికి బారెడు దూరంలో ఓ చిన్న ముగ్గు పెట్టి వచ్చాను.