అంచులు కోసిన పుస్తకం

అట్ట వేయని పుస్తకం కంటపడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్ల టీచరు ఉద్యోగం అంటించిన రోగమిది. పిల్లల పుస్తకాలతో ఆగి ఉంటే బాగుండేది, మా బాపు అంబాసిడర్ కారు మీదికి కూడా వచ్చింది.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం, నాన్నను బాపు అని. బాపు ఆ కారును మానుకోట, గూడూరు మధ్య కిరాయికి నడిపేవాడు. ఆయన పోయాక దాన్ని జనగామకు, మా ఇంటి ముందుకు తెచ్చుకున్నాను. పొద్దున్నే తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్టవుతుంది. నా బడి స్టేషన్ ఘన్‌పూర్‌లో. సగం దారి పోయి ఇంజను వేడెక్కగానే ఆగిపోతుంది. గంటసేపు చల్లబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది. బస్సులో పోయే నా విద్యార్థులు కిటికీల్లోంచి "నమస్తే టీచర్" అని అరిచేవారు. అంత భక్తి వాళ్లు క్లాసులో ఎన్నడూ చూపలేదు.

మా ఆయన గడువు పెట్టాడు. "దసరాకు పూజ నడిచే బండికే చేస్తం. అప్పటిదాంక గిది నడవకుంటే పాత ఇనుప సామానోన్ని పిలుస్త."

కోపమొచ్చింది. జనగామ మెకానిక్కులు బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, "మేడం, గిది మేం పుట్టకముందుది" అని దించేసేవారు. టీచర్ని కదా, పుస్తకం చూసి నేనే నేర్చుకుందామనుకున్నాను. ఆ కారు రిపేరు పుస్తకం కోసం నేను ఎక్కని పాత పేపర్ల దుకాణం లేదు. చివరికి భూపాలపల్లిలో దొరికింది. ఎవరో పెద్దసారు క్వార్టర్ ఖాళీ చేస్తూ తూకానికి వేసిన కట్టలో, ఒక్క మడత, ఒక్క మరక లేకుండా ఉంది. నా మొహం వెలిగిపోవడం చూసి దుకాణదారు, "గది తూకానికి రాదక్కా" అన్నాడు. అతను అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను.

ఆ పుస్తకం పట్టుకుని మానుకోట వెళ్లాను. బాపు కారును మొదటి నుంచీ బాగుచేసిన ఉస్తాద్ అక్కడే ఉంటాడు. కళ్లకు పొర కమ్మి షెడ్డు మూసేసి చాలా ఏళ్లయింది. పుస్తకం చేతికివ్వగానే, "కార్బొరేటర్ పేజీ తియ్యి బేటీ" అన్నాడు. తీశాను. కాగితాన్ని వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గీ బుక్కు ఎన్నడు పని చెయ్యలే. కూసోని తిన్నది" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆయన లెక్కలో పుస్తకం విలువ నూనె మరకలో ఉంటుంది. ఏ పేజీ నల్లబడిందో బండి నిజంగా అక్కడే మొండికేస్తుందట. తర్వాత బీరువాలోంచి పాత లుంగీలో చుట్టిన తన పుస్తకం తీయించాడు. అదీ ఇదీ ఒకటే అచ్చు. కాకపోతే ఆయనది ఉబ్బిపోయి, కుట్లు ఊడి, నల్లటి కాగితాల కట్టలా ఉంది. అంచుల నిండా ఉర్దూలో పెన్సిల్ రాతలు. మన ఎండకూ మన దుమ్ముకూ ఆయన కనిపెట్టిన మందులవి, అచ్చులో దొరకవు.

"నోటితోని చెప్తే మరుస్తవ్. నీ బండి రోగం ఇండ్లనే రాసిన. ఎవరితోనన్న చదివించుకో. ఎట్ల ఇచ్చిన్నో గట్లనే తేవాలె."

మా బడిలో ఉర్దూ చెప్పే టీచరు చదివిపెడతానంది. సరిగ్గా ఇక్కడే నా రోగం తిరగబెట్టింది. ఆ జిడ్డు కట్టను అలాగే ఆమె చేతిలో పెడితే నా గురించి ఏమనుకుంటుంది? జనగామలో మా పిల్లల పుస్తకాలకు బైండింగు చేసే ఆయనకిచ్చి, "జర మంచిగ చెయ్యి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మూడో రోజు వచ్చింది. ఎర్రటి గట్టి అట్ట, మూడు వైపులా నున్నగా కోసిన అంచులు. అట్ట మీద చీటీ కూడా అంటించాడు: పేరు, తరగతి, సెక్షన్. నేను మురిసిపోయాను. ఉర్దూ టీచరు నాలుగు పేజీలు తిప్పి నా మొహం చూసింది.

"ఇండ్ల ఏం చదవాలె మేడం? అక్షరాల తోకలే ఉన్నయ్."

బైండింగు ఆయన దగ్గరికి పరుగెత్తాను. అతను గర్వంగా చెప్పాడు. "అంచులు మస్తు ఖరాబున్నయ్ మేడం. ఎవరో పోరగాళ్లు పిచ్చి గీతలు గీసిండ్రు. నూనె పట్టిన కాడికల్లా కోసేసిన."

"ఆ ముక్కలేవి?"

"పొయ్యిల పెట్టిన. నూనె కాయితం గద, మంచిగ మండింది. మీ బుక్కు అంటించిన మైదా గంజి గా మంట మీదనే ఉడికింది."

తిట్టడానికి నోరు తెరిచాను. "మంచిగ చెయ్యి" అన్నది నేనేనని గుర్తొచ్చి మూసుకున్నాను.

ఆదివారం మానుకోట రైలెక్కాను. బదులుగా ఇద్దామని భూపాలపల్లి పుస్తకం కూడా సంచిలో పెట్టుకున్నాను. దారంతా అబద్ధాలు అల్లుకున్నాను. ఎలుకలు కొరికాయి, వానకు తడిసింది, తమ్ముడు చింపాడు. అన్నీ హోంవర్కు చేయని పిల్లలు నాకు చెప్పేవే. ఉస్తాద్ ఎదుట కూర్చున్నాక ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చేశాను.

ఆయన అంచు మీద వేలు నడిపించాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి.

"సాఫ్ కోసిండు. చెయ్యి తిరిగినోడే" అన్నాడు చివరికి. "ఎవరన్న అడుగుతరని రాసిన బేటీ. గిన్నేండ్లల్ల ఒక్కడు అడగలే. నువ్వొచ్చి అడిగినవ్, కాల్చినవ్." అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఏడుసుడు ఆపు, పెన్ను తియ్యి. గా కూసోని తిన్న బుక్కు తెచ్చినవా?"

నా సంచిలో ఉన్నది పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను ఒక్కటే. భూపాలపల్లి పుస్తకం తెల్లటి అంచుల్లో, ఆయన చెబుతుంటే తెలుగులో రాశాను. పొద్దు వాలేదాకా రాశాను. కొన్ని చోట్ల ఆగి, నుదురు రుద్దుకుని, "గిది యాదికొస్తలేదు, ఇడిచిపెట్టు" అనేవాడు. ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కార్బొరేటర్ పేజీ దగ్గర మాత్రం తడుముకోలేదు. "ఎండకు పెట్రోలు పైపులనే ఆవిరైతది. పంపు మీద తడిగుడ్డ కట్టి, జర సేపు ఆగు. గిది మీ బాపు బండి మీదనే నేర్చిన."

మరుసటి వారం సగం దారిలో కారు ఎప్పటిలాగే ఆగింది. తడిగుడ్డ కట్టి, పుస్తకం తెరిచి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి కదిలింది. పిల్లల బస్సు కంటే ముందే బడికి చేరాను. ఆ తొందరలో కార్బొరేటర్ పేజీ మీద నా బొటనవేలి నల్లటి ముద్ర పడింది. తుడవబోయి, కొంగు వెనక్కి తీసుకున్నాను.

దసరా పూజ అయ్యాక ఆ కారులోనే మానుకోట వెళ్లాను. ఉస్తాద్ బానెట్ వైపు పోలేదు. "బుక్కు తే" అన్నాడు. ఆ పేజీ వేలితో రుద్ది, వాసన చూసి, తలూపాడు.

"గిప్పుడు దీనికి నౌకరి దొరికింది."

ఆ పుస్తకానికి నేనింతవరకూ అట్ట వేయలేదు.